పొగత్త పొయ్యి, టార్చి మామ పెట్టె

ఆవిడకి అసలు పేరు ఒకటి ఉంది. కరెంటు బిల్లు మీద అచ్చై వస్తుంది కూడా. కానీ ఆ పేరు పట్టుకుని వీధిలో అడిగితే ఎవరూ ఇల్లు చూపించలేరు. పొగత్త ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం చూపించే శ్రమ కూడా పడరు, ముక్కు ఎటు లాగితే అటు పొమ్మంటారు. వీధి గదికి ఉన్న వెడల్పాటి కిటికీయే ఆవిడ దుకాణం. రాత్రంతా సన్నని పొగలో మగ్గిన మాంసం పొద్దున్నే ఆ కిటికీలోంచి అమ్ముతుంది. మధ్యాహ్నం దాకా మిగిలిన రోజు లేదు.

వెనక పెరట్లో, రేకు కప్పు కింద, పింగాణీ పొయ్యి ఉంటుంది. పెద్ద గుడ్డును నిలబెట్టి నడుముకి ఇనపపట్టీ కట్టినట్టుంటుంది దాని వాలకం. ముదురాకుపచ్చ రంగు, ఒక పక్క కాస్త పెచ్చు ఊడింది. మూసేసిన ఓ హోటల్ వాళ్ళు సామాను వదిలించుకుంటుంటే తెచ్చుకుంది. అంతకుముందు ఆవిడకి నూనె డ్రమ్ము కోసి చేసిన పొయ్యి ఉండేది. అది గాలి వీస్తే రెచ్చిపోయి, చినుకు పడితే ముడుచుకుపోయే రకం. పింగాణీది అలా కాదు. తీరిగ్గా వేడెక్కుతుంది, ఒకసారి వేడి పట్టిందంటే ఓ పట్టాన వదలదు. తక్కువైతే పెంచుకోవచ్చు గానీ ఎక్కువైతే దించడం మన చేతుల్లో లేదు. కోపమొచ్చిన మేనమామ లాంటిది, దానంతట అది చల్లబడాల్సిందే.

దానికి కింద ఒక గాలి తలుపు, నెత్తిన ఒక గాలి చిల్లు. ఈ రెంటినీ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, లోపలి బొగ్గుల్ని పడుకోనివ్వకుండా, అలాగని ఎగిరి గంతెయ్యనివ్వకుండా, నూట పది డిగ్రీల దగ్గర తెల్లవార్లూ నిలబెట్టాలి. పొగ తెల్లగా దట్టంగా వస్తే చేదెక్కుతుంది. ఉందా లేదా అన్నంత పల్చగా, నీలంగా రావాలి. పొగత్త పొట్టి ముక్కాలిపీట మీద కూర్చుని ఆ నీలం రంగుని కాపాడుతూ ఉంటుంది. చూడ్డానికి ఏ పనీ చెయ్యనట్టే ఉంటుంది. అసలు పనల్లా ఏ పనీ చెయ్యకుండా మెలకువగా ఉండడమే. మూత తీసి చూడాలన్న దురద అందరికీ ఉంటుంది, ఆ దురదని చంపుకున్నవాళ్ళకే ఈ విద్య అబ్బుతుందని ఆవిడ సిద్ధాంతం. ఆ విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. మిగతా విషయాల్లో మాత్రం తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి.

ఈ రాత్రి బతుకు ఆవిడ కావాలని ఎంచుకున్నది కాదు. పెళ్ళయ్యేసరికే ఆయన కోల్డ్ స్టోరేజీలో రాత్రి వాచ్‌మన్. ఇల్లు కొత్త, ఊరు కొత్త, చీకటి పడితే మొగుడు టార్చి పట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఒంటరిగా మంచం మీద పడుకుంటే పైకప్పులో ప్రతి చప్పుడూ దొంగే అనిపించేది. అందుకని పెరట్లో నిప్పు రాజేసుకుని దాని పక్కన కూర్చునేది. నిప్పు ఎలాగూ ఉంది కదా అని ఓ రోజు మాంసం ముక్క దాని మీద వేలాడదీసింది. తెల్లారాక ఎదురింటి రొట్టెల బట్టీ ఆవిడ వాసన పట్టుకుని వచ్చి రుచి చూసి, "వదినా, ఇది నాకు రోజూ కావాలి" అంది. అలా మొదలైంది. భయం పోగొట్టుకోవడానికి పెట్టుకున్న నిప్పు బువ్వ పెట్టింది. భయం ఎప్పుడు పోయిందో ఆవిడకే గుర్తులేదు.

ఆయన్ని వీధిలో టార్చి మామ అంటారు. పొద్దున్నే ఆయన వచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గర బేరంలో ఉండేది. ఆవిడ చేతులు కడుక్కుని నడుం వాల్చేసరికి ఆయన మొదటి నిద్ర అయిపోయేది. సాయంత్రం ఇద్దరూ కలిసి అన్నం తినేవాళ్ళు, తినగానే ఒకరు వీధి గుమ్మంలోంచి, ఒకరు పెరటి గుమ్మంలోంచి డ్యూటీకి పోయేవాళ్ళు. మరి కూతురెలా పుట్టిందని రొట్టెల వదిన ఎన్నోసార్లు నవ్వింది. "సెలవులుండవా ఏంటి" అని పొగత్త మూతి తిప్పేది. ఆ కూతురు పెరిగి, పెళ్ళయి, ఊరవతల కాపురముంటోంది. ఆ పిల్లకి రాత్రి పదికల్లా నిద్ర రావడం చూసి ఇదెవరి పోలికో అని వీళ్ళిద్దరికీ ఆశ్చర్యం.

ఆయన రిటైరయ్యాడు. అక్కణ్ణించే వచ్చింది తంటా.

మొదటి రాత్రి ఆయన భోంచేసి, లేచి, అలవాటుగా చెప్పులేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వెళ్ళడానికి చోటు లేదు. తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు. కాసేపటికి కుర్చీ తెచ్చుకుని పెరట్లో ఆవిడ పక్కన వేసుకున్నాడు. అంతకాలం చల్లటి గోదాముల్లో తిరిగిన ఛాతీ అది, పొగ పడలేదు. దగ్గు తెర మీద తెర వచ్చింది. ఆవిడ వీపు రాసి, కుర్చీ చేత పట్టించి, లోపలికి పంపేసింది. మర్నాడూ వచ్చాడు. మళ్ళీ పంపించింది. తర్వాత రావడం మానేశాడు. కానీ లోపల ఆయన నడుస్తున్న చప్పుడు ఆవిడకి తెల్లవార్లూ వినపడేది. వంటింటి కిటికీ గడియ లాగి చూసేవాడు, వీధి తలుపు తోసి చూసేవాడు, మళ్ళీ కిటికీ. ఇంట్లో ఎత్తుకుపోయేంత సొత్తేమీ లేకపోయినా మనిషికి చేయి ఊరుకోదు కదా.

అలా కొన్నాళ్ళు చూసి ఓ సాయంత్రం ఆయన ఒక అట్టపెట్టె తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. అందులో అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టె, దానికి రెండు తీగలు, తీగల చివర పొడుగాటి సూదులు, పిడికిలంత ఫ్యాను.

"ఏంటది?" అంది పొగత్త.

"నీ బదులు రాత్రి కూర్చునేది."

"నా బదులా? దీనికి ముక్కుందా?"

"ముక్కు లేదు, సూదులున్నాయి. ఒకటి మాంసంలో గుచ్చాలి, ఒకటి దాని కింది జాలీకి తగిలించాలి. జాలీ దగ్గర వేడి తగ్గితే ఈ ఫ్యాను కింది తలుపులోంచి గాలి ఊదుతుంది. చాలనగానే ఆగిపోతుంది. నూట పది అని చెప్పావనుకో, నూట పదే."

"పొగ నీలంగా ఉందా తెల్లగా ఉందా, అది చూస్తుందా?"

"చూడదు."

"మరింకేం కూర్చుంటుంది నా బదులు."

ఆయన సూదుల్ని మళ్ళీ చుట్టి పెట్టెలో పెడుతూ, ఆవిడ వైపు చూడకుండా అన్నాడు. "రాత్రిపూట ఇల్లు బోసిగా ఉందే. ఇన్నేళ్ళూ నీకెలా ఉండేదో నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు తెలిసింది. నువ్వు లోపల పడుకుంటే బాగుండు. ఒక్క రాత్రి చూద్దాం. కుదరకపోతే మళ్ళీ ఈ మాట ఎత్తను."

పొగత్త పెళ్ళైన కొత్తలో ఈ మాట కోసమే ఎదురు చూసింది. రాలేదు కాబట్టి నిప్పుతో కాపురం చేసింది. తీరా ఆ కాపురం కుదురుకున్నాక ఈయన వచ్చి లోపలికి రమ్మంటున్నాడు. సంతోషించాలో, కసురుకోవాలో తెలియక, "చూద్దాంలెండి" అని బొగ్గుల బస్తా దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు రొట్టెల బట్టీకి మాంసం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు కడుపులో మాట బయటపెట్టింది. వదిన పిండి కలిపే మిషన్ దగ్గర నిలబడి ఉంది.

"పెట్టె పెడితే సరే వదినా. అది బాగా చేస్తే? ఇక నేనెందుకు? పొగత్త పోయి పెట్టెత్త అంటారు నన్ను."

వదిన మిషన్ ఆపింది. "ఇది కొన్నప్పుడు నేనూ అలాగే ఏడ్చా. ఇన్నేళ్ళుగా ఇదే కలుపుతోంది. ఒక్కరైనా మిషన్ రొట్టెలన్నారా? నా రొట్టెలనే అంటున్నారు. ఉప్పెంతో నీకు తెలుసు, పొగకి ఏ కర్రో నీకు తెలుసు. అదేం చేస్తుంది, గాలి ఊదుతుంది. నీ మొగుడు పిలుస్తుంటే వెళ్ళి పడుకోవడానికి ఇంత ఆలోచనెందుకే."

"నువ్వు ఊరుకో" అంది పొగత్త. కానీ ఇంటికి వచ్చేటప్పుడు నడక తేలికగానే ఉంది.

ఆ సాయంత్రమే పెట్టె బిగించారు. ఫ్యానుని కింది తలుపుకి ఆయనే అమర్చాడు. జాలీకి సూది ఎక్కడ తగిలించాలన్న దాని మీద చిన్న గొడవైంది. చల్లటి మాంసానికి ఆనిస్తే ఆ చలే చూసి వేడి లేదనుకుంటుందని ఆవిడ, పెట్టెతో వచ్చిన పుస్తకంలో మధ్యలో పెట్టమన్నాడని ఆయన. ఆవిడ మాటే నెగ్గింది. ఎముకతో ఉన్న పెద్ద భుజం ముక్కలు రెండు, ఉప్పూ మిరియాలూ పట్టించి ఎక్కించింది. పండ్లచెట్టు కర్ర ముక్కలు బొగ్గుల మధ్య దోపింది. పొగ నీలానికి తిరిగేదాకా పెట్టెని నమ్మకుండా అక్కడే నిలబడింది. తిరిగాక, "ఇక ఎవరూ మూత ముట్టుకోకూడదు. మీరు గానీ, నేను గానీ" అని ఇద్దరి తరఫునా ఒట్టేసినట్టు చెప్పి లోపలికి వచ్చింది.

నిద్ర పట్టదనుకుంది. ఎలా పడుతుంది, ఆ వేళప్పుడు మంచం మీద వెన్ను వాల్చడమే వింతగా ఉంటే. ఫ్యాను చప్పుడు వింటూ, దాన్ని తప్పు పట్టడానికి ఒక్క సందు దొరక్కపోతుందా అని చెవులు రిక్కించుకుని పడుకుంది. అంతే గుర్తుంది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు గానీ, ఏళ్ళ తరబడి బాకీ పడ్డ నిద్ర ఆవిడ మీద ఒక్కసారిగా పడింది. పక్కన ఆయన లేడు.

పెరట్లోకి పరుగున వెళ్ళింది. ఆయన పొయ్యికి కాస్త దూరంగా, మొహం అటు తిప్పుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. మూత మీద వేడి చూపే ముల్లు నూట ఎనభై దాటి ఉంది. ఫ్యాను ఆగిపోయే ఉంది పాపం, అది చెయ్యగలిగింది అంతే. కడుపునిండా వేడి మింగిన పింగాణీ మాత్రం దిగనంటోంది. మూత తీస్తే మాంసం బొగ్గుకి తోబుట్టువులా ఉంది. ఎముక పట్టుకుని లాగింది. ఊడి రావాల్సిన ఎముక కదల్లేదు, ముక్క మొత్తం లేచి వచ్చింది.

పొగత్త నోరు తెరిస్తే వీధికి వినపడుతుంది. ఆ పొద్దున తెరిచింది. "నూట పది అంటే నూట పదేనా? ఇదేనా మీ సూదుల తెలివి? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నా చేత్తో ఇన్నేళ్ళలో ఒక్కటి మాడిందా? ఇప్పుడా కిటికీ తెరిచి ఏం పెట్టను, మీ పెట్టెనా?"

ఆయన ఒక్క మాట అనలేదు. ఆయన ఊరుకునే మనిషి కాదు. ఆవిడ రెండంటే ఆయన ఒకటైనా అంటాడు, అనాలి కూడా, లేకపోతే ఆవిడకి తిట్టడంలో రుచి ఉండదు. ఆ రోజు మాత్రం దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. చివరికి, "సరేలే. మళ్ళీ ఎత్తనన్నాను కదా, ఎత్తను" అని, వంగి, ఫ్యాను మరలు విప్పడం మొదలుపెట్టాడు.

రొట్టెల వదిన వచ్చి చూసి, బాధపడి, లోపలి భాగం కాస్త తరిగి పులుసులో వేస్తే పనికొస్తుందేమోనని గిన్నెలో పట్టుకెళ్ళింది. మిగతా వాళ్ళకి కిటికీ తెరవలేదు. ఆ వీధిలో కిటికీ తెరుచుకోని రోజు జనం ఎప్పుడూ చూడలేదు, వచ్చినవాళ్ళు తలుపు తట్టి ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్ళారు.

ఆ విధంగా పొగత్త గెలిచింది. పెట్టె అట్టపెట్టెలోకి వెళ్ళిపోయింది, ముక్కాలిపీట ఆవిడ చోటికి వచ్చేసింది, ఇక ఎవరూ లోపలికి రమ్మనరు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడట. ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముతూ, ఎందుకో తెలియకుండానే అదే గిన్నెని మళ్ళీ మళ్ళీ తోమింది. గాఢంగా నిద్రపోయిన ఒళ్ళు ఇంకా తేలిగ్గా ఉంది. ఆ తేలికదనం మీదే ఆవిడకి కోపం వచ్చింది. అలవాటు లేని సుఖాన్ని ఒక్క రాత్రి చూపించి లాగేసుకోవడం ఏం మర్యాద.

టీ కలిపి ఆయనకివ్వడానికి ముందు గదిలోకి వెళ్ళింది. ఆయన కిటికీ వెలుగులో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నిన్నటి పేపరే. కప్పు అందుకోవడానికి పేపరు దించాడు. పొగత్త కప్పు ఇవ్వకుండా ఆగిపోయింది.

ఆయన మీసం ఎడం పక్క పొట్టిగా ఉంది. పొట్టిగా అంటే కత్తిరించినట్టు కాదు, కొసలు ముడుచుకుని, గోధుమ రంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడైపోయేలా ఉంది. ఎడం కనుబొమ్మ సగం నుంచి లేదు.

గాలి అందక ముడుచుకుని ఉన్న నిప్పు మీద ఒక్కసారి మూతెత్తితే ఏమవుతుందో పింగాణీ పొయ్యి వాడే ప్రతి మనిషికీ తెలుసు. గాలి గుటుక్కున మింగి భగ్గుమని మొహం మీదికి లేస్తుంది. కొత్తలో పొగత్తకీ ఒకసారి కనుబొమ్మలు పోయాయి. అప్పట్నించీ ముందు వేలెడు సందిచ్చి, కాస్త ఆగి, అప్పుడు తీస్తుంది. ఆ సంగతి ఎవరూ చెప్పనివాడికి మీసం చెబుతుంది.

"ఏవండీ, మీసమేమైంది?"

"గడ్డం గీసుకుంటుంటే చెయ్యి జారింది."

"కనుబొమ్మ కూడా గీసుకున్నారా?"

ఆయన పేపరు మళ్ళీ ఎత్తబోయాడు. ఆవిడ దాన్ని లాగి పక్కన పడేసింది.

"మూత తీశారు."

"ఒక్కసారే."

"ఒక్కసారికి నూట ఎనభై ఎక్కదు."

అప్పుడు చెప్పాడు. ఎన్నిసార్లో ఆయనకే లెక్కలేదు. డ్యూటీలో ఉన్నప్పుడు గంటకోసారి గోదాము చుట్టూ తిరిగి, ప్రతి తలుపూ తెరిచి, టార్చి వేసి చూసి, మూసేవాడు. ఆ కాళ్ళు ఆ వేళకి వాటంతటవే లేచాయి. పెరట్లోకి వెళ్ళాడు, మూత తెరిచాడు, టార్చి వేసి చూశాడు, మూశాడు. మళ్ళీ గంటకి మళ్ళీ. తెరిచిన ప్రతిసారీ చలిగాలి తగిలి, పెట్టె పాపం నిప్పు ఆరిపోతోందనుకుని ఊదడం, బొగ్గులు ఇంకాస్త రాజుకోవడం, ఆ వేడిని పింగాణీ దాచుకోవడం. లోకంలో ఏ వంటవాడూ అన్నిసార్లు మూత తియ్యడు. తలుపు తెరిచి చూడడమే కాపలా అనుకున్నవాడికి మాత్రమే ఆ పని చేతనవుతుంది.

సరిగ్గా అదే సమయానికి రొట్టెల వదిన గిన్నె తిరిగి ఇవ్వడానికి గుమ్మంలోకి వచ్చి, సగం విని, మిగతా సగం ఆయన మొహంలో చూసింది. "అన్నయ్యా, కంచే చేను మేస్తే ఎలా?" అని నోటికి చేయి అడ్డం పెట్టుకుని, గిన్నె గుమ్మంలోనే పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ నవ్వు వీధి దాటేదాకా వినిపించింది.

పొగత్త నవ్వలేదు. "ముట్టుకోకూడదని చెప్పానా లేదా? మీరే తెచ్చారు ఆ పెట్టె. మీరే నమ్మకపోతే ఎలా?"

"పెట్టెని నమ్మక కాదు" అన్నాడాయన. గొంతు తగ్గింది. "నువ్వు పడుకున్నావు. ఒళ్ళు తెలీకుండా పడుకున్నావు. నిన్నట్లా రాత్రిపూట చూసి ఎన్నేళ్ళయిందో. అసలు చూశానో లేదో కూడా. ఈ మాంసం గానీ చెడితే రేపట్నించి నువ్వు లోపలికి రావు కదా. ఆ భయానికి కుదురుగా ఉండలేకపోయా. చెడకుండా చూద్దామని లేచా. చూసి చూసి నేనే చెడగొట్టా. నువ్వు పెట్టెని తిడుతుంటే, తిట్టనీలే, నన్ను తిడితే ఇంకా అన్యాయమనుకున్నా."

ఇంత పొడుగు మాట ఆయన నోట ఆవిడెప్పుడూ వినలేదు. టీ చల్లారిపోతోంది. ఆవిడ కప్పు ఆయన చేతిలో పెట్టి, పక్కన కూర్చుంది. ఆ మనిషి మీద ఆవిడకి ఆ క్షణంలో కలిగిన ప్రేమ ఎంతంటే, దాన్ని దాచుకోవడానికి మళ్ళీ తిట్టాల్సి వచ్చింది.

"తెలివితక్కువ మనిషి" అంది. "నెత్తి చిల్లు నేనూ అలవాటు చొప్పున బొటనవేలంత తెరిచి వదిలేశాను. ఫ్యాను ఉన్నప్పుడు గోరంత చాలు, అంత ఎందుకని నాకు తట్టాలా వద్దా? మీరు మూత తియ్యకపోయినా ఎంతోకొంత ఎక్కేదే. తప్పులో సగం నాది."

ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ తప్పు ఒప్పుకోవడం కూడా ఆయన ఎప్పుడూ వినలేదు.

"అట్టపెట్టె ఎక్కడ పెట్టారు?"

"మంచం కింద."

"తియ్యండి. ఈ రాత్రికి మళ్ళీ పెడదాం. కానీ ఒకటి. మీరు గోడ వైపు పడుకోవాలి. లేవాలంటే నన్ను దాటాలి. దాటండి చూస్తా."

ఇక మాంసం సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీ ధ్యాసంతా దాని మీదే ఉంటుంది, అసలు సంగతి వినరు. బాగా కుదిరింది. మర్నాడు పొద్దున ఎముక పట్టుకుని లాగితే చివరి దాకా శుభ్రంగా ఊడి వచ్చింది. రొట్టెల వదిన తిని, కళ్ళు మూసుకుని, పొగత్త చేతి రుచిలో తేడా వెతికింది. దొరకలేదు. కిటికీ దగ్గర జనం ఎప్పట్లాగే తోసుకున్నారు, ఎవరూ పెట్టె గురించి అడగలేదు. మామ మీసం గురించి మాత్రం అందరూ అడిగారు.

అసలు సంగతి ఆ పొద్దుకి ముందు రాత్రిది.

దీపం తీసేశాక ఇద్దరూ రైల్లో పరిచయం లేని ప్రయాణికుల్లా ఒద్దికగా పడుకున్నారు. ఆయన గోడ వైపు, ఆవిడ ఇటువైపు. మంచం ఇరుకని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఒక్కోసారికి ఒకరే వాడుకుంటూ వచ్చిన మంచం కదా, ఇన్నాళ్ళూ విశాలంగానే ఉండేది. కాసేపటికి ఆయన కదిలాడు.

"ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోంది. పడుకోండి."

"నాకు రాత్రి నిద్ర రాదే. అలవాటు లేదు."

"రాకపోతే మెలకువగానే పడుకోండి. ఇక్కడే."

అని ఆయన మణికట్టు పట్టుకుంది. లేస్తే తెలియాలని పట్టుకున్నానని ఆవిడ తర్వాత వదినతో చెప్పింది. వదిన నమ్మలేదు, నేనూ నమ్మను. ఆ చెయ్యి మొదట బిర్రుగా ఉంది, తర్వాత మెల్లగా బరువెక్కింది. నిద్ర రాదన్నవాడు ఆవిడకంటే ముందే పడుకున్నాడు. చిన్నగా, చివర ఈల కలిపినట్టు గురక. మొగుడు గురకపెడతాడని ఆవిడకి ఆ రాత్రే తెలిసింది. పగటి నిద్రలో వీధి రొదకి వినపడేది కాదు మరి.

ఆవిడకీ కళ్ళు మూతలు పడుతుండగా ఆయన ఉన్నట్టుండి గట్టిగా అన్నాడు.

"ఎవరది?"

పొగత్త ఉలిక్కిపడింది. అది ఇంట్లో గొంతు కాదు. నిబ్బరంగా, కరుగ్గా, ఎదుటివాడు నిలబడిపోయేలా ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి, గురక జాడ ఇంకా పోలేదు. ఆయన నిద్రలో కాపలా కాస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ వినని గొంతు అదొక్కటే, ఎందుకంటే అది పలికే వేళకి ఆవిడ ఎప్పుడూ దగ్గర లేదు.

"నేనే" అంది మెల్లగా.

"నేనే అంటే?"

"నేనేనండీ. మీ ఇంటిదాన్ని."

ఆ మాట ఆయన ఎక్కడున్నాడో అక్కడికి చేరడానికి కాస్త సమయం పట్టింది. గొంతు దిగి, మామూలు మనిషి గొంతైంది.

"లోపలే ఉన్నావా?"

"లోపలే ఉన్నా."

"సరే అయితే" అని, ఆయన ఆవిడ వైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, మళ్ళీ గురక పెట్టాడు.

పొగత్తకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఆ రెండూ ఆయన్ని లేపకుండా కానిచ్చేసరికి దిండు తడిసింది. ఇన్ని చీకట్లలో ఈ మనిషి ఈ ప్రశ్న ఎన్ని ఖాళీ గోదాముల్ని అడిగి ఉంటాడో అనుకుంది. పెరట్లో ఫ్యాను కాసేపు తిరిగి ఆగిపోయింది. ఎందుకాగిందో చూద్దామని ఆవిడకి అనిపించలేదు.